నాన్న దిద్దుకున్న సాక్ష్యం

కంకిపాడు,
16 జూన్ 2025, సోమవారం

మా ఇంటి వెలుగు వినీలమ్మకు,

చెవులు తప్ప మిగతా అవయవాలన్నీ సవ్యంగా పనిచేస్తున్న మీ నాన్న, ఆనందం పట్టలేక రాస్తున్న ఉత్తరం.

నీ ఉత్తరం శనివారం మధ్యాహ్నం అందింది. మీ అమ్మ అన్నం వడ్డించి పిలుస్తూనే ఉంది, నేను గుమ్మంలో నిలబడే చదివాను. "ఈ వారంలో మూడు రోజులు నడిచాను నాన్నా" అన్న ముక్క దగ్గరికి వచ్చేసరికి కళ్ళజోడు మసకబారిపోయింది. తుడుచుకుని మళ్ళీ చదివాను. "మార్తా, పిల్ల లేచి నడిచిందే!" అని అరిచానట. పక్క వాటా వాళ్ళు ఎవరికేమైందోనని పరిగెత్తుకొచ్చారు. వాళ్ళక్కూడా చదివి వినిపించాను. పప్పు చల్లారిపోయిందని మీ అమ్మ సణిగింది. చల్లారితే చల్లారిందిలే!

మార్చి నెలలో ఆ డాక్టరమ్మ నీకున్నది డిప్రెషన్ అని చెప్పిన నాటి నుంచి నేను ఆ మాటకి అర్థం వెతుక్కుంటూనే ఉన్నాను. నా ఏడో తరగతి చదువుకి అది అందలేదు. జ్వరమైతే నుదురు పట్టుకు చూస్తాం, దెబ్బయితే కట్టు కడతాం. ఆఫీసుకి సెలవు పెట్టి గోడవైపు తిరిగి పడుకున్న పిల్లకి ఏం చెయ్యాలో నాకెవరూ చెప్పలేదు. చివరికి ఆవిడే మందులతో పాటు రోజూ కాస్త నడవమందని నువ్వు రాశావు చూడు, అప్పుడు నా ప్రాణం లేచొచ్చింది. నడకా! ముప్పై నాలుగేళ్ళు ఇరిగేషన్‌లో లస్కరుగా కాలువ గట్టు మీద నడిచినవాణ్ణి. తూము తలుపులు ఎత్తడం, దించడం, గట్టుకి ఎక్కడ గండి పడుతుందోనని కనిపెట్టుకుని తిరగడం, ఇదే కదా నా బతుకంతా. నాకు తెలిసిన మందే నీకు రాశారు తల్లీ!

ఇక అసలు సంగతి. నిన్న చర్చి ఆరాధనలో పాస్టరు అయ్యగారు "సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా" అనగానే లేచాను. మీ అమ్మ చొక్కా పట్టుకు లాగింది గాని నేను ఆగితేనా! "మా అమ్మాయి మూడు నెలలు మంచం దిగలేదు. ఎన్ని మందులు మింగినా పోలేదు. నడక మొదలెట్టింది, దేవుడు బాగు చేశాడు, ఇక మందులతో పనిలేదు" అని గట్టిగా చెప్పాను. సంఘమంతా స్తోత్రం అన్నారు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఆ ఊపులో కృతజ్ఞత కూడిక కూడా ప్రకటించేశాను. జులై పదమూడు ఆదివారం సాయంత్రం, మన ఇంటి ముందు షామియానా, నూట యాభై మందికి పలావు. నువ్వు లేచి రెండు మాటలు చెప్పాలి. చిన్నప్పుడు క్రిస్మసుకి వాక్యం ఎంత బాగా చెప్పేదానివి!

ఇంకొకటి. మీ పెదనాన్న కొడుకు బెన్నీ నిన్న ఆరాధనకి వచ్చాడు. స్కూల్లో డ్రిల్లు మేష్టారు కదా, పైగా ఉండేది మీ పక్క వీధిలోనే. "చెల్లి సంగతి నాకొదిలెయ్యి బాబాయ్" అన్నాడు. బుధవారం నుంచి పొద్దున అయిదున్నరకి మీ మేడ కింద ఉంటాడు. వాడితో కాన్వాసు బూట్లు పంపుతున్నాను. నీ సైజు తెలియక మీ అమ్మ కాలికి చూసి కొన్నాను.

ఉబ్బితబ్బిబ్బవుతూ,
మీ నాన్న సంజీవరావు


భవానీపురం,
21 జూన్

నాన్నా,

నీ ఉత్తరం అందింది. బూట్లు అందాయి. బెన్నీ అన్నయ్య కూడా అందాడు.

బుధవారం తెల్లారకుండానే ఈల వినిపించింది. "వినీలా! కమాన్! వన్ టూ, వన్ టూ!" అని కేకలు. పైవాటా ఆంటీ బాల్కనీలోకి వచ్చి, "ఏమండీ, ఎలక్షన్లా?" అని అడిగింది. నేను దుప్పటి తియ్యలేదు. నాతో పాటు ఆఫీసులో పనిచేసి, నాతోనే ఈ వాటాలో ఉంటున్న అక్షయ కిందికి వెళ్ళి, కాఫీ ఇచ్చి పంపేసింది. గురువారం మళ్ళీ వచ్చాడు.

నేను నడిచింది మూడు రోజులే నాన్నా, అదీ వీధి చివర మందుల షాపు దాకా. అక్షయ తోడొచ్చింది. అందులో ఒకరోజు సగంలో, ఇస్త్రీ బండి దగ్గర నుంచే వెనక్కి వచ్చేశాం. అంతే. కూడిక ఇప్పుడే వద్దేమో.

నువ్వు అంత సంతోషపడ్డావని చదివి బాగానే అనిపించింది. ఫోనులో నీకు వినపడదు, నాకు మాట రాదు. అందుకే ఈ నాలుగు ముక్కలు. ఇంకా రాయాలనుంది గాని చెయ్యి సాగడం లేదు.

అమ్మని అడిగానని చెప్పు.

వినీల


కంకిపాడు,
24 జూన్, మంగళవారం

వినయానికి వినయం, ఓపికకి ఓపిక, అన్నీ వాళ్ళమ్మ పోలికే వచ్చిన మా వినీలకు,

ఎంత నడిచినా గొప్ప చెప్పుకోని గుణం నీది. "అంతే" అని రాశావు. అంతే ఏమిటమ్మా! వీధి చివరంటే మాటలా?

కూడిక ఇప్పుడే వద్దన్నావు. ఆ మాట నిజం. వానలు మొదలవుతాయి, షామియానా తడుస్తుంది. నీకున్న ముందుచూపు నాకెక్కడిది! అయ్యగారితో మాట్లాడి జులై ఇరవై ఏడుకి మార్చాను. తేదీ మారేసరికి పోరంకి చుట్టాలకి కూడా వీలవుతుందట, రెండొందల మంది అయ్యారు.

బెన్నీకి కాఫీ ఇచ్చారట, వాడు మురిసిపోయాడు. రోజూ వస్తానంటున్నాడు.

నీ కోసం ఒక ఉపాయం ఆలోచించాను. కరెంటు స్తంభాలు ఉంటాయి కదా, రోజుకి ఒక్కటి చొప్పున పెంచుకుంటూ పో. ఈ కవరులో ముప్పై పోస్టు కార్డులు పెట్టాను. నా అడ్రసు నేనే రాసేశాను. నువ్వు ఏమీ రాయక్కర్లేదు తల్లీ, ఎన్ని స్తంభాలో ఒక్క అంకె వేసి డబ్బాలో పడెయ్యి. నెల తిరిగేసరికి ముప్పై స్తంభాలు! సంఘం వాళ్ళు కూడా రోజూ అడుగుతున్నారు, అంకె చెబుతాను.

మొదటి కార్డు కోసం గుమ్మంలో కుర్చీ వేసుకున్న,
మీ నాన్న


కంకిపాడు,
7 జులై, సోమవారం

అమ్మా వినీలా,

పదమూడు రోజులైంది. ఒక్క కార్డు కూడా రాలేదు. పోస్టుమానుని దారిలో ఆపి సంచి చూపించమన్నాను. మర్యాదస్తుడు, చూపించాడు. నీ కార్డు లేదు.

బెన్నీని అడిగితే, "అక్షయగారు ఇక రావద్దన్నారు బాబాయ్" అని తల వంచుకున్నాడు. అక్షయకి ఫోన్ చేస్తే ఏదో చెప్పింది, నాకు సగం వినపడలేదు. మీ అమ్మ తీసుకుని మాట్లాడి, పెట్టేసి, నావైపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఏమందే అంటే, "పిల్లే రాస్తుంది, ఆగండి" అంది. ఇంట్లో నాకు ఎవరూ ఏమీ చెప్పడం లేదు.

బూట్లు కరిచాయా తల్లీ? నా మీద కోపమా?

నాన్న


భవానీపురం,
9 జులై

నాన్నా,

పోస్టుమాన్‌ది తప్పేం లేదు. కార్డులు నా దగ్గరే ఉన్నాయి, ఖాళీగా. బెన్నీ అన్నయ్య ఈల వేసిన రోజు నుంచి నేను గుమ్మం దాటలేదు. ఈ ఉత్తరం నిన్నటి నుంచి రాస్తున్నాను, అక్షరాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, ఏమనుకోకు.

నాకు నడక మీద కోపం లేదు. నడిచిన రోజు తల మీద బరువు పోదు గాని, కొంచెం పక్కకి జరిగినట్టుంటుంది. ఇంటికొచ్చి స్నానం చేస్తాను. జడ వేసుకుంటాను. వినడానికి ఇది నీకెలా ఉంటుందో తెలీదు, నాకు మాత్రం అది చాలా ఎక్కువ. కానీ నడవాలంటే ముందు లేవాలి కదా నాన్నా. లేవలేకపోవడమే నా జబ్బు. "కాస్త నడువమ్మా, అదే పోతుంది" అని ఎవరైనా అన్నప్పుడల్లా, కాస్త నడిస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతం చేస్తున్నావా అన్నట్టు వినపడుతుంది. వాళ్ళ ఉద్దేశం అది కాదు. నాకు తెలుసు. అయినా అలాగే వినపడుతుంది. మాత్రయితే పడుకునే మింగెయ్యొచ్చు. నడకని మింగలేం. నడవని రోజున జబ్బూ ఉంటుంది, పైన నేరమూ ఉంటుంది.

అంతకుముందు ఒకసారి డాక్టరమ్మ దగ్గర బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు ఇదే మాట వచ్చింది. ఒకావిడ పటమట నుంచి వస్తుంది. రోజు మొత్తంలో నడిచే ఆ అరగంటే తనదంది, మిగతాదంతా జబ్బుదేనట. ఆ పక్కన కూర్చున్నాయన, "నాకైతే వ్యాయామం అన్న మాట వింటేనే దుప్పటి లాక్కోబుద్ధి అవుతుందండీ" అన్నాడు. ముగ్గురం నవ్వాం. లోపల డాక్టరమ్మకి చెబితే ఆవిడ కూడా నవ్వి, మీకు ఏ రోజు ఎంత వీలైతే అంతే, ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదంది.

ఇప్పుడు అసలు మాట. ఇది రాయడానికే రెండు రోజులు పట్టింది.

మందులతో పనిలేదని నువ్వు గుడిలో చెప్పావు. నేను రోజూ వేసుకుంటున్నాను నాన్నా. ఆ మందుల వల్లే ఆ మూడు రోజులు లేవగలిగాను. నేను నడిచి వెళ్ళింది కూడా ఆ మందులు కొనుక్కోడానికే. నీ సాక్ష్యం తర్వాత మన సంఘం వాళ్ళు ముగ్గురు ఫోన్ చేశారు. ఒకావిడ, "ఇంకా మాత్రలేంటమ్మా, నాన్నగారు అంత బాగా సాక్ష్యమిచ్చారు గదా" అంది. ఆ తర్వాత నాలుగు రోజులు నేను మాత్రలు వేసుకోలేదు. నీ మాట అబద్ధం కాకూడదని. అయిదో రోజు నేను ఎలా ఉన్నానో చూసి అక్షయ భయపడి డాక్టరమ్మకి ఫోన్ చేసింది. ఆవిడ చెప్పినట్టు మళ్ళీ మొదలుపెట్టాను. ఇప్పుడు పరవాలేదు. కంగారుపడి బస్సెక్కకు.

కూడికకి నేను రాలేను. వస్తే బాగైపోయినదానిలా నిలబడాలి. నడవడానికే లేని ఓపిక నటించడానికి ఎక్కణ్ణుంచి తేను?

నీ సంతోషం చెడగొట్టాను. ఏమనుకోకు.

వినీల


కంకిపాడు,
14 జులై, సోమవారం

నా తల్లికి,

ఉత్తరం శుక్రవారం అందింది. చదివి, మడిచి జేబులో పెట్టుకుని, కాలువ గట్టు మీదికి వెళ్ళి కూర్చున్నాను. బస్సెక్కలేదు. నువ్వు వద్దన్నావని ఎక్కలేదు గాని, చెప్పులు రెండుసార్లు వేసుకుని రెండుసార్లు విప్పాను.

కాలువ నిండుగా వస్తోంది. లస్కరుగా ఉన్నన్నాళ్ళూ నీళ్ళు వదిలిన ప్రతి ఏడూ రైతులతో నేనే పోట్లాడేవాణ్ణి. "తలుపులెత్తిన పూటే శివారు చేలకి నీళ్ళు రావయ్యా! ముందు ఎండిపోయిన కాలువ తాగాలి, తర్వాత పిల్ల కాలువలు తాగాలి, ఆ తర్వాత మీరు. అప్పుడే వచ్చేశాయని చాటకండి, నమ్మి నారు పోసుకున్నవాడు మునిగిపోతాడు" అనేవాణ్ణి. అంత తెలిసినవాణ్ణి, నీ విషయంలో తలుపు జానెడు లేచిందో లేదో, శివారు తడిసిపోయిందని నేనే టముకు వేశాను. నమ్మింది నువ్వు. మునిగిందీ నువ్వే. నాలుగు రోజులు మాత్ర వేసుకోలేదన్న ముక్క ఆ గట్టు మీదే మళ్ళీ మళ్ళీ తీసి చదివాను తల్లీ.

ఇంటికొచ్చాక మీ అమ్మ, "ఆ రోజు చొక్కా ఎందుకు లాగానో ఇప్పుడు తెలిసిందా?" అంది. కంచం తెచ్చి నా ముందు పెట్టింది. అది ఇంకా కష్టం.

శనివారం అయ్యగారి దగ్గరికి వెళ్ళి, "అయ్యగారూ, చెప్పిన సాక్ష్యం దిద్దుకోవచ్చాండీ?" అని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "ఇరవై ఆరేళ్ళుగా సేవలో ఉన్నానండి సంజీవరావుగారూ. ఒక సాక్ష్యం మీద ఇంకో సాక్ష్యం చెప్పినవాళ్ళనే చూశాను గాని, వెనక్కి తీసుకున్నవాళ్ళని చూళ్ళేదు" అన్నారు. మళ్ళీ పెట్టుకుని, "దిద్దుకోవడం కూడా సాక్ష్యమేలెండి. రేపు చెప్పండి" అన్నారు.

నిన్న లేచాను. ఈసారి మీ అమ్మ చొక్కా లాగలేదు, మంచినీళ్ళ సీసా చేతికిచ్చింది. "నెల కిందట ఇక్కడే నిలబడి మా అమ్మాయికి బాగైపోయింది, మందులక్కర్లేదు అన్నాను. ఆ రెండూ తప్పు. బాగవలేదు, బాగవుతోంది. మందులు వేసుకుంటోంది, వేసుకోవాలి. నడక కూడా మందే గాని, అది ఏ రోజు ఎంత వేసుకోవాలో దానికీ డాక్టరమ్మకీ తెలుసు, నాకు తెలీదు. నా సంతోషం నేను ఆపుకోలేక, దాని మీద మోపాను. ఎవరూ దానికి ఫోన్ చేసి అడగొద్దు. కూడిక లేదు" అన్నాను.

ఒక్కరు కూడా స్తోత్రం అనలేదు. నా చెవులకే ఆ నిశ్శబ్దం వినపడిందంటే చూసుకో. వెనక బల్ల మీద నుంచి ఎవరో, "అయితే పలావు కూడా లేదా?" అన్నారట. మీ అమ్మ చెప్పింది.

బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే, మోటార్లు బాగుచేసే మన ఫిలిప్ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆంబోతులాంటి మనిషి, నీకు తెలుసుగా. నా చెవి దగ్గరికి వంగి, "బావా, ఏడాదిగా నేనూ ఆ మాత్రలే వేసుకుంటున్నాను. ఇంట్లో తెలియకుండా స్పానర్ల పెట్టెలో దాచుకుంటాను. ఇవాళ చెప్పేస్తాను" అని, ఇంకేమీ మాట్లాడకుండా స్కూటర్ స్టార్టు చేసుకుని పోయాడు. రెండో చెప్పు వేసుకోవడం మర్చిపోయాను వినీలా. ఎంతమంది దాచుకుంటున్నారో!

నా సంతోషం చెడగొట్టానని రాశావు. వెర్రిదానా. నువ్వు స్నానం చేసి జడ వేసుకున్నావని చదివి నేనెంత సంతోషపడ్డానో నీకు తెలీదు. ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మకి చెప్పాననుకో, అది చెప్పడం కిందికి రాదు.

కార్డులు చింపెయ్యి. ఉత్తరం రాయాలనిపిస్తే రాయి, లేకపోతే లేదు. నేను గుమ్మంలోంచి కుర్చీ తీసేశాను.

తప్పు చేసి, దిద్దుకుని, కాస్త తేలికపడ్డ,
మీ నాన్న

(వినీలా, అమ్మని. మీ నాన్న రెండు రోజులు అన్నం ముందు కూర్చుని లేచిపోయారు. ఇవాళ తిన్నారు. మాత్రలు మానకు. బెన్నీ దగ్గర ఈల లాక్కుని నా పోపుల డబ్బాలో పెట్టాను. మార్త.)


భవానీపురం,
24 జులై

నాన్నా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పలావు దగ్గర గట్టిగా నవ్వేశాను. అక్షయ గదిలోంచి పరిగెత్తుకొచ్చి, "ఏడుస్తున్నావా?" అంది.

సోమవారం ఇస్త్రీ బండి దాకా వెళ్ళాను. మంగళవారం లేదు. నిన్న మందుల షాపు దాటి ఇంకాస్త. ఇవాళ లేదు. కూడిక లేదన్నాక లేవబుద్ధయింది, ఎందుకో మరి. ఫిలిప్ మావయ్యని అడిగానని చెప్పు. దాచుకోవడం ఎంత బరువో నాకు తెలుసు.

ఆగస్టు రెండు శనివారం రాగలవా? పొద్దున్నే కాదు, సాయంత్రం అయిదుకి. నది ఒడ్డున ఘాట్ దాకా వెళ్దాం. ఎంత దూరం వచ్చామని అడగకూడదు. శభాష్ అనకూడదు. దారిలో కనపడినవాళ్ళకి నన్ను చూపించి ఏమీ చెప్పకూడదు. ఇవి నీకు కష్టమని తెలుసు.

వినీల


కంకిపాడు,
4 ఆగస్టు, సోమవారం

మా వినీలకు,

ఇంటికి చేరిన మర్నాడే రాద్దామని కూర్చున్నాను. మీ అమ్మే, "ఒక్కరోజు ఆగి రాయండి, కుదుటపడతారు" అంది. ఆగాను. కుదుటపడలేదు. రాసేస్తున్నాను.

షరతులు తప్పలేదు కదా? నోరు ఊరికే ఉండదని, బస్టాండులో పావు కిలో వేయించిన బఠాణీలు కొని జేబులో పోసుకున్నాను. మాట వచ్చినప్పుడల్లా రెండు నోట్లో వేసుకున్నాను. ఇస్త్రీ బండాయన నిన్ను చూసి తలూపితే నాలుగు వేసుకున్నాను. ఇంటికొచ్చేసరికి దవడలు పట్టేశాయి.

ఘాట్ ఇంకా రెండు వీధులుందనగా నువ్వు ఆగిపోయావు. ఏదో అన్నావు. నాకు వినపడక "ఆఁ?" అన్నాను. మళ్ళీ అన్నావు. మళ్ళీ వినపడలేదు. అప్పుడు నువ్వు వీధి వీధంతా వినేలా, "ఇవాళ ఇంక నా వల్ల కాదు నాన్నా, వెనక్కి పోదాం!" అని అరిచావు. టిఫిన్ బండి దగ్గర నిలబడ్డవాళ్ళంతా తిరిగి చూశారు. నువ్వు వాళ్ళ వంక చూడనైనా చూడలేదు. నా ముఖం వంకే చూశావు. నేను "పద" అన్నాను. వెనక్కి తిరిగాం.

అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను. నీకు ఎనిమిదేళ్ళప్పుడు వేసవి సెలవుల్లో నాతో గట్టు మీదికి వచ్చేదానివి. "మా పిల్ల నాతో సమానంగా నడుస్తుంది" అని అందరితో చెప్పుకునేవాణ్ణి. ఒకరోజు ఇంటికొచ్చాక మీ అమ్మ నీ కాలు కడుగుతుంటే పాదంలో తుమ్మముల్లు కనపడింది. వాచిపోయి ఉంది. ఎప్పుడు దిగిందే అంటే, వెళ్ళేటప్పుడే అన్నావు. మరి చెప్పలేదేమే అంటే, "నాన్న అందరికీ చెప్పుకుంటున్నాడుగా" అన్నావు. ఆ రోజు నేను మురిసిపోయాను. ఎంత గట్టి పిల్లో అని అది కూడా అందరికీ చెప్పుకున్నాను! ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నా దగ్గర నా వల్ల కాదన్న మాట నీ నోట రాలేదు వినీలా. రానివ్వనిది నేనే. శనివారం నడివీధిలో అది విన్నాను, ఈ చెవులతో. నాకు మళ్ళీ కళ్ళజోడు మసకబారింది. నువ్వు చూడకుండా బఠాణీలు వెతుక్కుంటున్నట్టు తల వంచుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు కాల్చిన మొక్కజొన్న పొత్తు తిని, నాదాంట్లో సగం విరిచి తీసుకున్నావు. ఆకలేస్తోంది అన్నావు. ఆ మాట మీ అమ్మకి మూడుసార్లు చెప్పాను, నాలుగోసారి వినను పొమ్మంది.

"ఎంత దూరం వెళ్ళారు?" అని అడిగితే, తెలీదన్నాను. నిజంగానే తెలీదు. చూసుకోలేదు.

మళ్ళీ శనివారం రమ్మంటావా తల్లీ? రమ్మంటే అయిదింటికల్లా మీ మేడ కింద ఉంటాను, ఈల లేకుండా. రావద్దనిపిస్తే, నా మొహం గుర్తు తెచ్చుకోకుండా "వద్దు నాన్నా" అని రాసి పడెయ్యి. ఆ ఉత్తరం వచ్చినా నేను ఇంతే సంతోషంగా చదువుకుంటాను. ఈసారి ఒట్టు, పక్క వాటా వాళ్ళకి వినపడకుండా.

ప్రేమతో,
మీ నాన్న సంజీవరావు